మా ఆయన పొలం వెళ్ళాడు

మాకు పొలం లేదు. ఉన్నదల్లా ఇంటి ముందు ఒక చూరు, చూరు కింద ఒక మగ్గం, పెరట్లో కాసిని బెండ మొక్కలు. అయినా నా కాపురం పొడుగునా ఎవరొచ్చి "ఓజెరిందె ఏడమ్మా?" అని అడిగినా నేను చెప్పిన జవాబు ఒకటే. "మా ఆయన పొలం వెళ్ళాడు." అడిగినవాళ్ళకి మాకు పొలం లేదని తెలుసు. ఆ సమయానికి మా ఆయన ఎక్కడున్నాడో కూడా తెలుసు. తల ఊపి, "పంట బాగా పండాలమ్మా" అని దీవించి వెళ్ళిపోయేవారు.

ఆ సమయానికి మా ఆయన బట్ట లోపల ఉండేవాడు. ఈ మాట ఆడది అనకూడదు. మా ఊరు ఇగ్బోలెలో మగపిల్లాడికి పాలపళ్ళు ఊడేసరికి తోపులోకి తీసుకెళ్ళి అంతా చెప్పేస్తారు, ఆడదానికి చచ్చేదాకా చెప్పరు. ఎగుంగున్ వచ్చాడంటే పైలోకం నుంచి మా పెద్దలు వచ్చినట్టే. నిలువెల్లా బట్ట, కళ్ళ దగ్గర వల, చేతులకీ కాళ్ళకీ కుట్టిన తొడుగులు, గోరంత చర్మం కూడా బయటికి కనబడదు. ఆ బట్టకి వేసే గుడ్డ పేటలు మా ఆయన మా మగ్గం మీదే నేసేవాడు. ఆ దారం కండెలకి చుట్టింది నేనే. కానీ ఆడవాళ్ళ లెక్కలో లోపల మనిషి లేడు. తెలియదా అంటే తెలుసు. తెలియనట్టు ఉండడం మాకు పుట్టింట్లోనే నేర్పి పంపుతారు. ఇప్పుడు నేను ముసలిదాన్నయ్యాను, పళ్ళూ పోయాయి, భయమూ పోయింది, అందుకని చెబుతున్నాను. వినేవాళ్ళలో మా ఊరి మగాళ్ళు ఎవరైనా ఉంటే చెవులు మూసుకోండి.

ఎగుంగున్‌లలో చాలా రకాలున్నాయి. కొరడా పట్టుకుని వీధిలో జనాన్ని పరిగెత్తించేవి కొన్ని, పిల్లిమొగ్గలు వేసి నవ్వించేవి కొన్ని. మా ఆయన పని వేరు. ఇంట్లో పెద్దవాడు పోతే, పాతిపెట్టి కర్మలన్నీ అయ్యాక ఒకరోజు ఆ పోయిన మనిషే తోపులోంచి నడిచి వస్తాడు. అదే నడక, అదే దగ్గు, అదే గొంతు. వాకిట్లో నిలబడి పెళ్ళాన్ని పిలుస్తాడు. పిల్లల్ని పేరుపేరునా పిలిచి దీవిస్తాడు. బతికుండగా తిట్టే అలవాటుంటే కాస్త తిడతాడు. ఆ తర్వాత వెళ్ళిపోతాడు, మరి రాడు. అలా ఒక్కసారి వచ్చి చెప్పి వెళితేనే ఇంట్లోవాళ్ళ ఏడుపు తీరుతుంది. రాకపోతే ఆ చావు తెగదు. ఆ ఇంటి ఆడది మిగిలిన బతుకంతా గుమ్మం వైపు చూస్తూనే గడపాలి.

అలా రావడంలో మా ఆయనంతటివాడు చుట్టుపక్కల ఏ ఊళ్ళోనూ లేడు. అందుకోసం ఆయన పడే తిప్పలు అలాంటివి. ఎవరో మంచాన పడ్డారని తెలిస్తే చాలు, మగ్గం మీద పని మగ్గం మీదే వదిలేసి మర్యాదకి నమలడానికిచ్చే కోలా కాయలు నాలుగు చేతిలో పట్టుకుని పలకరించడానికి బయలుదేరేవాడు. పక్కన కూర్చుని చూసేవాడు. చెయ్యి ఎలా ఎత్తుతున్నాడు, నీళ్ళు తాగి మూతి ఎలా తుడుచుకుంటున్నాడు, కోపం వస్తే ముందు ఏ మాట వస్తుంది. ఊళ్ళో ముసలాళ్ళకి ఆయన్ని చూస్తే హడల్. కమ్మరి అకాన్బి అయితే మంచం మీంచే చెప్పు విసిరాడు.

"నేనింకా చావలేదురా నేతగాడా! నా దగ్గు నేనే దగ్గుకుంటా. నీకెందుకురా నా దగ్గు? లే, పో అవతలికి!"

మా ఆయన ఆ చెప్పు తీసి జాగ్రత్తగా మంచం కింద పెట్టి మళ్ళీ కూర్చున్నాడట. చీకటి పడ్డాక ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని దగ్గాడు. నా చేతిలో గరిటె జారిపోయింది. అకాన్బి మా వంటింట్లోకి వచ్చి కూర్చున్నాడనే అనుకున్నాను.

అన్నిటికంటే నాకు బాగా గుర్తున్నది లాదోకున్ వచ్చిన రోజు. లాదోకున్ కల్లు గీసేవాడు, చెట్టు మీంచి పడి కుడికాలు ఈడ్చేవాడు. అతని భార్య సెగి వాళ్ళమ్మా నేనూ లారీలు ఆగే చోట పక్కపక్కనే కూర్చుని అమ్ముకునేవాళ్ళం. నేను బొబ్బర్లు రుబ్బి ఎర్ర నూనెలో అకారా వడలు వేసేదాన్ని, ఆవిడ జొన్న గంజి కాచేది. నా వడ కొన్నవాడు ఆవిడ గంజి కొనక తప్పేది కాదు. మొగుడు పోయాక ఆవిడ ఏడవలేదు. రాయిలా కూర్చునేది, గంజి మాడిపోతున్నా చూసుకునేది కాదు.

ఆ రోజు బట్ట తోపులోంచి వచ్చింది. కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చి వాకిట్లో నిలబడి, దీవెనా లేదు ఏమీ లేదు, ఒకటే కేక.

"ఏమే! ఆ తలుపు కింద కన్నం పూడ్చావా లేదా? పెండలాలన్నీ ఎలకలు తినిపోతున్నాయని ఎన్నిసార్లు మొత్తుకున్నానే!"

సెగి వాళ్ళమ్మ మోకాళ్ళ మీద పడిపోయింది. "పూడుస్తానయ్యా! రేపే పూడుస్తాను, నా తండ్రీ, రేపే!" అంటూ ఒక పక్క నవ్వుతుంది, ఒక పక్క ఏడుస్తుంది. ఆ కన్నం గురించి వాళ్ళిద్దరూ ఏళ్ళకేళ్ళు కొట్టుకున్నారు. అక్కడున్న ఆడవాళ్ళమంతా ఏడ్చాం. మర్నాడు పొద్దున్న ఆవిడ గంజి కుండ దించుకుంటూ నన్ను అడిగింది.

"ఏమే దున్ని వాళ్ళమ్మా, నిన్న మీ ఆయన కనబళ్ళేదు?"

"పొలం వెళ్ళాడు."

"అలాగా." కాసేపు గంజి కలిపింది. "మీ పొలం చల్లగా ఉండాలే తల్లీ. నా కన్నం పూడిపోయింది."

ఇంత చెప్పాను గానీ, అసలు సంగతి ఇంకా చెప్పలేదు. మా ఆయనకి నత్తి.

పెళ్ళికి ముందు మా ఇంటికి వచ్చినప్పుడు నా పేరు పలకలేకపోయాడు. నా పేరు అవేరో. "అ... అ... అ..." అంటూ కళ్ళు మూసుకునేవాడు, గడ్డం పైకి లేచేది, అరచేత్తో తొడ మీద కొట్టుకునేవాడు, అప్పుడు మిగిలిన ముక్క ఒక్కసారిగా ఊడిపడేది. గోడ వెనక మా చెల్లెళ్ళు నోట్లో గుడ్డలు కుక్కుకుని నవ్వారు. "వీడు నీ పేరు పూర్తి చేసేలోపు నువ్వు పిల్లల్ని కూడా కనేస్తావే" అంది మా అమ్మ. నాకు మాత్రం నచ్చాడు. నా పేరు కోసం అంత కష్టపడ్డ మనిషి అంతకుముందు ఎవరూ లేరు. బయట నోరు విప్పేవాడు కాదు గనక చాలామంది ఆయన్ని గంభీరమైన మనిషి అనుకునేవారు. నత్తి సంగతి తెలిసిన ఈడువాళ్ళు ఒక్కొక్కరే పోయారు. వాళ్ళలో కొందరి గొంతుల్ని వాళ్ళ వాళ్ళ ఇళ్ళకి ఆయనే మోసుకెళ్ళాడు.

బట్ట లోపల ఆయనకి నత్తి ఉండేది కాదు. మొదటిసారి అది తెలిసిన రోజు ఇంటికి వచ్చిన మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందు ఉంది. పొలం నుంచి వచ్చాడు కదా, నేనేమీ అడగకూడదు. కాళ్ళకి నీళ్ళిచ్చాను. ఆయనే అన్నాడు. "వేరేవాళ్ళ మా... మాటయితే నాలుక కొట్టుకోదే." "అయితే నన్ను పిలువు చూద్దాం" అన్నాను. అ... అ... అంటూ మళ్ళీ గడ్డం ఎత్తాడు. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వుకున్నాం.

ఆ నవ్వే మా కొంప ముంచిందనుకుంటాను. మొదట్లో వేళాకోళానికి కమ్మరి గొంతుతో ఉప్పు అడిగేవాడు, నేను నవ్వేదాన్ని. తర్వాత ఉప్పుకి కమ్మరి, నీళ్ళకి లాదోకున్, మా కూతురు దున్నిని ముద్దు చేయడానికి ముసలి డప్పులవాడి నవ్వు. ఎవరో ఒకరి గొంతులో మాట్లాడితే తడబాటు ఉండదు. అలవాటైపోయింది. మా దున్నికి నడక వచ్చేసరికి ఆయన నత్తి పూర్తిగా పోయింది. ఇరుగుపొరుగు వాళ్ళు నన్ను అభినందించారు. "మీ ఆయన నాలుక విడిపోయింది, అదృష్టవంతురాలివి" అన్నారు. అవేరో అని గడగడా పిలిచేవాడు. ఆ పిలుపు ఎవరిదో నాకు తెలిసేది కాదు. ఒక్కోసారి పలకబుద్ధి అయ్యేది కాదు.

ఎవరి చావుకి వచ్చి వెళితే వాళ్ళు ఆయనలోంచి వెంటనే పోయేవారు కాదు. కమ్మరి దగ్గు పక్కనే ఒక వానాకాలమంతా పడుకున్నాను. ఒకరోజు ఒళ్ళు మండి అడిగేశాను. "నన్ను పెళ్ళాడింది నేతగాడయ్యా. ఈ కమ్మరివాడెవడు నా మంచం మీద?" అన్నాను. "వెళ్ళమంటే వెళ్ళట్లేదే" అన్నాడు. అది కూడా కమ్మరి గొంతులోనే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

దున్ని పెళ్ళయి ఇబాదాన్ పట్నం వెళ్ళిపోయాక ఇంట్లో ఇద్దరమే మిగిలాం. ఇద్దరమే అని అంటున్నాను గానీ, ఎంతమందిమో నాకు తెలియదు. ఒక పొద్దున్న నేను బొబ్బర్లు రుబ్బుతుంటే ఆయన గుమ్మంలో నిలబడిపోయాడు. మగ్గం దగ్గరికి వెళ్ళాలి, వెళ్ళడం లేదు.

"ఏంటయ్యా, అలా నిలబడ్డావ్?"

"నేను ముందు ఏ కాలు వేసేవాణ్ణే?"

నవ్వాను. తర్వాత ఆయన మొహం చూశాను. కుడికాలు ఈడ్చుకుంటూ రెండడుగులు వేసి ఆగాడు. "ఇది లాదోకున్‌ది." వెనక్కి వచ్చి పొట్ట ముందుకు పెట్టి నడిచాడు. "ఇది డప్పులవాడిది." గోడ పట్టుకుని నిలబడి నా వైపు చూశాడు. "నాదేదే? నాకంటూ ఒకటి ఉండాలి కదా. ఎలా నడిచేవాణ్ణి నేను?"

రుబ్బుతున్న చెయ్యి కడుక్కుని లేచాను. నడిచి చూపించాను. ముందు ఎడమకాలు, మగ్గం పలక తొక్కుతున్నట్టు మడమ కాస్త రాసుకుంటుంది. మగ్గంలో దారపు నాడె విసిరీ విసిరీ కుడి భుజం దిగి ఉంటుంది. ఆ చేతి వేళ్ళు ఊరికే తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. వాకిలి ఈ చివరి నుంచి ఆ చివరికి మా ఆయనలా నడిచాను. నాకంత బాగా వచ్చని అప్పటిదాకా నాకూ తెలియదు. ఏళ్ళ తరబడి ఆయన వెనక నడిచాను, నా కాళ్ళు ఎప్పుడో నేర్చేసుకున్నట్టున్నాయి. వెనక్కి తిరిగి చూస్తే ఆయన నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

"అ... అ... అలా ఉండేదా?"

నత్తి తిరిగొచ్చింది. మళ్ళీ నడిచాను. ఈసారి ఆయన నా వెనకే, నా అడుగులో అడుగు వేస్తూ నడిచాడు. పొరుగింటి కోళ్ళు బెదిరి అటూ ఇటూ పరిగెత్తాయి. ఇద్దరు ముసలాళ్ళం వాకిట్లో గుండ్రంగా తిరిగాం. ఆ రోజంతా నన్ను పిలిచినప్పుడల్లా గడ్డం ఎత్తి, తొడ మీద కొట్టుకుని పిలిచాడు. నాకు తెలిసి మా ఆయన ఇంట్లో ఉన్న ఆఖరు రోజు అదే. మర్నాటికి మళ్ళీ ఎవరో వచ్చేశారు.

పొడిగాలులు వీచే కాలంలో జ్వరం పట్టుకుంది. ఆయన మంచాన పడ్డాడని ఊరంతా తెలిసింది. వంటలు పంపారు, వైద్యుణ్ణి పంపారు. కానీ కోలా కాయలు పట్టుకుని వచ్చి, పక్కన కూర్చుని, ఆయన చెయ్యి ఎలా ఎత్తుతున్నాడో చూసినవాడు ఒక్కడూ లేడు. ఆ పని చేసేవాడు ఊళ్ళో ఆయనొక్కడే. జ్వరంలో ఆయన నోట ఊరి శ్మశానమంతా మాట్లాడింది. నేను చెవి పెట్టి మధ్యలో ఎక్కడైనా మా ఆయన వినబడతాడేమోనని వెతుక్కున్నాను. పోయేటప్పుడు వచ్చిన దగ్గు కూడా కమ్మరిదే.

దున్ని వచ్చింది, పాతిపెట్టే దాకా ఉంది. వాళ్ళ ఆయన చర్చిలో ఎగుంగున్ అంటే దయ్యం పూజ అంటారు, అందుకని బట్ట వచ్చే రోజు దాకా ఉండనివ్వలేదు. వెళ్ళేటప్పుడు నా మెడ పట్టుకుని, "నాన్న ఎంత గలగలా మాట్లాడేవాడమ్మా" అని ఏడ్చింది. కన్నకూతురికి కూడా తెలియదు. దాని తప్పేం లేదు.

ఇక మా ఆయనలా ఎవరు వస్తారు? రావలసినవాడు అముసాన్. మా ఆయన పినతండ్రి కొడుకు, ఆయనకంటే బాగా చిన్న, లారీలు ఆగేచోట సైకిళ్ళు బాగుచేస్తాడు. మంచివాడే, గొంతు పెద్దది, బుర్ర అంత పెద్దది కాదు. బట్ట పని మా ఆయన దగ్గరే నేర్చుకున్నాడు. ఒక సాయంత్రం వచ్చి వాకిట్లో గొంతుక్కూర్చుని నీళ్ళు అడిగాడు. తాగి, గ్లాసు అటూ ఇటూ తిప్పాడు.

"వదినా, ఊరికే ఒక మాట. అన్న ఇంట్లో ఎలా ఉండేవాడు?"

"ఎందుకు?"

"ఊరికేనే. మరిది అడక్కూడదా ఏంటి?"

"ఎలా ఉండేవాడేంటి, మనిషిలా ఉండేవాడు."

"అది కాదు వదినా. మనిషన్నాక ఒక తీరుంటుంది కదా. నువ్వు దగ్గరగా చూసినదానివి. ఊరికే, గుర్తు చేసుకుందామని."

వాడు సూటిగా అడగకూడదు. అడిగితే బట్ట లోపల మనుషులే ఉంటారని ఆడదానికి చెప్పినట్టే. నేను సూటిగా చెప్పకూడదు. చెబితే నాకు తెలుసని ఒప్పుకున్నట్టే. ఇద్దరం ఒకే కుండ చుట్టూ తిరుగుతున్నాం, మూత తీసే హక్కు ఇద్దరికీ లేదు. అయినా మెల్లిగా అన్నాను.

"నన్ను పిలిచేటప్పుడు నత్తి వచ్చేది."

అముసాన్ ఫక్కున నవ్వాడు. "అన్నకా! నత్తా! ఊరుకో వదినా, ఊళ్ళో అంత తేనె నాలుక ఇంకొకటుందా? నిద్రల్లేక నీ మతి చెదిరింది. కాస్త తిను, పడుకో."

ఇంకేం చెయ్యను? లేచి నీళ్ళ బిందె చంకనెత్తుకున్నాను. వాడి కళ్ళ ముందు, వాకిలి ఈ చివరి నుంచి ఆ చివరికి, ముందు ఎడమకాలు వేసి, మడమ రాస్తూ, కుడి భుజం దించి, వేళ్ళు తెరుస్తూ మూస్తూ నడిచాను. గోడ దాకా వెళ్ళి మళ్ళీ అలాగే వచ్చాను. ప్రాణమంతా ఆ కాళ్ళలో పెట్టి నడిచాను. చూడరా, నీకు కావలసింది ఇదే, నోటితో అడగకుండా తీసుకుపో అని లోపల మొత్తుకున్నాను.

వాడు జాలిగా చూశాడు. "మోకాళ్ళు పట్టేశాయా వదినా? ఎర్ర నూనె వెచ్చజేసి రాసుకో. మా ఆవిణ్ణి పంపుతాలే."

ఆ బిందె వాడి నెత్తిన పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. కానీ ఆడదాని నడకలో మగాడి నడక వెతకాలని వాడికెలా తడుతుంది? వాడికి నేర్పినవాళ్ళెవరూ అది నేర్పలేదు.

తెగించి అలాగ్బా దగ్గరికి వెళ్ళాను. అలాగ్బా అంటే ఎగుంగున్‌ల వ్యవహారాలన్నీ చూసే పెద్ద. చాలా ముసలివాడు, మా ఆయన నత్తి చిన్నప్పటి నుంచి ఎరిగినవాడు. మోకరిల్లి కూర్చున్నాను.

"పెద్దయ్యా, మా ఆయన వస్తాడుగా?"

"వస్తాడు. రాకేం."

"వచ్చి నన్ను పిలుస్తాడుగా? మీకు గుర్తుండే ఉంటుంది, నా పేరు పలకడానికి ఎంత అవస్థ పడేవాడో."

ముసలాయన కోలా కాయ ఒకటి కొరికి నమిలాడు. "పైకి వెళ్ళినవాడి నాలుక బాగుపడుతుందమ్మా."

"లాదోకున్ కాలు బాగుపడలేదుగా. కుంటుకుంటూనే వచ్చాడు."

"కాలు వేరు, నాలుక వేరు." గొంతు గట్టిపడింది. "వచ్చేది దీవెనివ్వడానికి. నాలుక తడబడితే దీవెన తడబడుతుంది. తడబడ్డ దీవెన ఇంటి మీద ఎలా పడుతుందో ఎవరికి తెలుసు? నీ కూతురి కడుపు మీద పడితే?" పిప్పి ఉమ్మి మళ్ళీ అన్నాడు. "అయినా ఆడదానివి, నీకెందుకమ్మా ఈ ఆరాలు? నీ మొగుడు వస్తాడు. తన నడక తనకి ఒకళ్ళు నేర్పాలా?"

ఆ చివరి మాటకి నాకు వాకిట్లో గోడ పట్టుకుని నిలబడ్డ మనిషి కనబడ్డాడు. నేర్పాలి పెద్దయ్యా, నేర్పాలి, అని అందామనుకున్నాను. అనలేదు. అని ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉంటాను.

ఆ రోజు రానే వచ్చింది. ఊరు ఊరంతా మా వాకిట్లోనే ఉంది. మిగతా చావులకి ఎవరి వాళ్ళు వాళ్ళు వచ్చేవారు, ఈ చావుకి అందరూ వచ్చారు. డప్పులు మొదలయ్యాయి. నేను ఆడవాళ్ళ ముందు వరసలో నిలబడ్డాను, పక్కన సెగి వాళ్ళమ్మ నా చెయ్యి పట్టుకుని ఉంది. బట్ట తోపు దారిలోంచి వచ్చింది. మా మగ్గం మీద నేసిన పేటలు ఎండలో మెరుస్తున్నాయి. నేను కాళ్ళు తప్ప ఇంకేమీ చూడలేదు. ఎడమకాలు ముందు వస్తుందా అని చూస్తున్నాను.

కుడికాలు ఈడ్చుకుంటూ వచ్చింది.

సెగి వాళ్ళమ్మ గోళ్ళు నా చేతిలో దిగాయి. "ఇది మా..." అని ఆపేసింది. బట్ట వాకిలి మధ్యలో ఆగి దగ్గింది, కమ్మరి దగ్గు. వెనక వరసలోంచి అకాన్బి భార్య కెవ్వుమంది. ఆ తర్వాత పొట్ట ముందుకు పెట్టి డప్పులవాడిలా నవ్వింది. జనం ఊగిపోయారు. "ఓజెరిందె! ఓజెరిందె అంటే ఇదే! అచ్చం ఓజెరిందే!" అని అరిచారు. వాళ్ళది అబద్ధం కాదు. మా ఆయన్ని వాళ్ళు చూసింది అలాగే. అముసాన్‌కి తెలిసిన ఓజెరిందె కూడా ఆ బట్టలోనివాడే, పాపం వాడికి వచ్చినదంతా దాచుకోకుండా చేశాడు. ఊళ్ళో అందరి మొగుళ్ళూ మా వాకిట్లోకి రెండోసారి వచ్చారు. విధవలందరూ ఏడ్చారు.

బట్ట నా ముందుకొచ్చి నిలబడింది.

"అవేరో!"

గంట కొట్టినట్టుంది పిలుపు. ఎక్కడా తొట్రుపాటు లేదు. నేను మోకరిల్లాలి. మోకరిల్లలేదు.

"ఇంకోసారి పిలువు" అన్నాను.

జనం మురిసిపోయి నవ్వారు. "ఆశ చూడవే దీనిది!" అన్నారెవరో.

"అవేరో!"

వల వెనక గడ్డం ఎత్తుతాడేమోనని చూశాను. కనీసం కంగారులో నోరు తడబడినా చాలు, ఆ ఒక్క అక్షరం దగ్గర ఆగినా చాలు, మా ఆయనే అనుకుని సరిపెట్టుకుందునేమో. "ఇంకొక్కసారి" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. అలాగ్బా కర్ర నేల మీద తాటించాడు. మూడోసారి పిలుపు ముందు రెండిటికంటే స్పష్టంగా వచ్చింది.

మోకరిల్లాను. "వచ్చావా నా దొరా. చల్లగా వెళ్ళిరా" అన్నాను. దీవెన ఇచ్చింది. నాకు, దున్నికి, దున్ని కడుపున పుట్టబోయేవాళ్ళకి, ఒక్క మాట కూడా జారకుండా దీవెన ఇచ్చింది. ఆ తర్వాత కుడికాలు ఈడ్చుకుంటూ తోపులోకి వెళ్ళిపోయింది. అలా ఒక్కసారే వస్తారు. నేను నేల మీద పడి గుండె పగిలేలా ఏడ్చాను. "పోన్లే, ఏడుపు తీరింది" అనుకున్నారు ఆడవాళ్ళు నా వీపు నిమురుతూ.

మర్నాడు పొద్దున్న మామూలుగా లారీలు ఆగేచోట పొయ్యి వెలిగించాను. వచ్చినవాళ్ళందరూ అదే మాట. ఎంత బాగా వచ్చాడమ్మా మీ ఆయన, ఎంత చక్కగా పిలిచాడు, నీ అంత అదృష్టం ఎవరికి. వడలు పొట్లం కట్టి ఇస్తూ తల ఊపాను. అముసాన్ కూడా వచ్చాడు, కొనుక్కుని, నా వైపు చూసీ చూడనట్టు నిలబడ్డాడు. వాడికి ఒక వడ ఎక్కువే వేశాను. వాడిని ఏమనగలను?

ఎండ ఎక్కి జనం పలచబడ్డాక సెగి వాళ్ళమ్మ గంజి గరిటె కుండలో వదిలేసి నా వైపు తిరిగింది.

"ఏమే. నాతో నిజం చెప్పు. నిన్న మీ ఆయన వచ్చాడా?"

నూనెలో వడ తిప్పాను.

"రాలేదే," అన్నాను. "మా ఆయన పొలం వెళ్ళాడు."